పంటి కింద గింజ: మిచౌంగ్ ఏడాది ఒక సాంబ రైతు కోతల కాలం

నేను గుంటూరు జిల్లాలో గ్రామ వ్యవసాయ సహాయకురాలిని. మిచౌంగ్ తుఫాను వచ్చిన 2023 ఖరీఫ్‌లో చేబ్రోలు వైపు కొమ్మమూరు కాలువ కింద ఉన్న ఒక ఊళ్లో పనిచేస్తూ, ఒక రైతు పొలాన్ని నారుమడి నుంచి నూర్పిడి దాకా దగ్గరగా చూశాను. ఊరి పేరు, ఆయన పేరు రాయడం లేదు. నేను ఆయన్ని బాబాయ్ అని పిలిచేదాన్ని, ఆయన నన్ను అమ్మాయ్ అనేవాడు. ఇక్కడా బాబాయ్ అనే రాస్తాను.

తుఫాను వస్తే వడ్లు మొలకెత్తకుండా ఎంత ఉప్పు చల్లాలి, ఎన్ని లీటర్ల నీళ్లు కలపాలి లాంటి సలహాలు కరపత్రాల్లో ఉంటాయి. కానీ సేద్యం మీద రైతుకు ఉండే గర్వం ఆ సలహాను ఎక్కడ లోపలికి రానిస్తుందో, ఎక్కడ గడప దగ్గరే ఆపేస్తుందో నాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. నేను దాన్ని ఈ పొలంలో నేర్చుకున్నాను. నా తర్వాత ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

రైతు, పొలం

బాబాయ్‌కి అప్పటికి 63 ఏళ్లు. సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు. కౌలు ఎకరానికి 20 బస్తాలు. మా దగ్గర బస్తా అంటే 75 కిలోలు. ఐదెకరాల్లోనూ సాంబ మసూరే, అంటే బీపీటీ 5204. బాపట్ల వరి పరిశోధన స్థానం నుంచి 1986లో వచ్చిన రకం. నూట యాభై రోజుల పంట. అన్నం రుచి దీనిదే. కానీ అగ్గితెగులుకు, ఎండాకు తెగులుకు, రసం పీల్చే దోమకు తట్టుకోదు, గట్టి గాలి కొడితే పడిపోతుంది. వేరే రకం వేయమని రెండేళ్లు చెప్పి చూశాను. "బాపట్లలో పుట్టిన వడ్లమ్మా ఇవి. మన మట్టికి, మన నీళ్లకి పుట్టినయ్యి. నేను మానేస్తే ఇంకెవరు వేస్తారు?" అన్నాడు. ఆ మాట తర్వాత రకం సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆయన పొలం గట్టు మీద నడిస్తే తెలుస్తుంది. గట్లు చెక్కి ఉంటాయి, మడి అంతా ఒకే మట్టంలో ఉంటుంది. ఏటా దసరా వెళ్లగానే తన చేను పక్కన ఉన్న మురుగు బోదెను (నీళ్లు బయటకు పోయే చిన్న కాలువను) పార పట్టుకుని తవ్వేవాడు. అందులో ఆయన పొలం వాటా పాతిక గజాలే. ఆయన తవ్వేది మాత్రం పెద్ద మురుగు కాలువలో కలిసేదాకా, దాదాపు నూట యాభై గజాలు. పక్క చేల వాళ్లు రాకపోయినా ఏమీ అనేవాడు కాదు. ఎందుకు బాబాయ్ ఒక్కడివే అంటే, "నీళ్లు నా చేలో నిలబడితే జనం అడిగేది నన్నే గదా" అనేవాడు.

ఇంకో అలవాటు కూడా చెప్పాలి, ఈ కేసంతా దాని చుట్టూనే తిరిగింది. ఆయన తేమను పంటితో చూస్తాడు. కంకి నుంచి గింజ తీసి, పొట్టు ఒలిచి, ముందు పళ్ల మధ్య పెట్టి కొరుకుతాడు. మెత్తగా నలిగితే పచ్చి. టక్కుమని విరిగితే ఎండినట్టు. నా దగ్గర తేమ మీటరు ఉంది. మొదట్లో ఆయన పన్ను చెప్పేదానికీ నా మీటరు చెప్పేదానికీ తేడా వస్తే నేను మీటరు వైపే ఉండేదాన్ని.

నవంబరు 24న నేను చేసిన తప్పు

ఆ ఏడు ఆగస్టులో వానలు లేవు. దేశం మొత్తం మీద 1901 నుంచి లెక్కలో ఉన్న ఆగస్టు నెలల్లో అంత పొడిది లేదు. సొంత రెండెకరాలకు నాట్లు జూలై ఆఖర్లో పడ్డాయి. కౌలు మూడెకరాలకు కూలీలు దొరక్క, నీళ్ల వంతు ఆలస్యమై, ఆగస్టు రెండో వారానికి గానీ పడలేదు. ఈ రెండు వారాల తేడా చివరికి చాలా ఖరీదైంది.

మా కృష్ణా డెల్టాలో వరి తర్వాత మినుము వేసే పద్ధతి బయటివాళ్లకు వింతగా ఉంటుంది. దుక్కి ఉండదు. వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న చేలోనే ఎకరానికి 16 నుంచి 18 కిలోల మినుములు చల్లుతారు. నేలలో మిగిలిన పదునుకే, అంటే తడికే మొలుస్తాయి. మనుషులు కోసి పనలు వేస్తే, అంటే కోసిన వరిని చేలోనే వరుసలుగా పరిస్తే, మొలకకు ఇబ్బంది ఉండదు. కోత మిషన్ దిగితే చక్రాల కింద మొలక నలిగిపోతుంది. అందుకే మినుము కావాలనుకున్న రైతు కూలి ఎక్కువైనా చేత్తోనే కోయిస్తాడు. మిషన్ కోతలు పెరిగిన కొద్దీ మా వైపు మినుము తగ్గి, దున్నకుండా వేసే మొక్కజొన్న పెరగడానికి ఇదొక ముఖ్య కారణం.

నవంబరు 24 ఉదయం బాబాయ్ మా సెంటర్‌కు (రైతు భరోసా కేంద్రానికి) వచ్చి, "సొంత చేలో కోత 27, 28ల్లో. రేపు మినుములు చల్లనా?" అని అడిగాడు. కంకులు బాగా పండాయి, నేలలో పదును సరిపోతుంది. చల్లమన్నాను. పది రోజుల ముందుచూపు వాతావరణ అంచనా నా ఫోన్లోనే ఉంది. ఆరోజు తెరిచి చూడలేదు. తుఫాను అప్పటికి పుట్టలేదు కాబట్టి చూసినా అదే సలహా ఇచ్చి ఉండేదాన్నేమో. అయినా చూడకుండా చెప్పడం తప్పే. ఎకరానికి 17 కిలోల లెక్కన రెండెకరాలకు 34 కిలోల ఎల్‌బీజీ 752 రకం మినుము విత్తనం ఆ తర్వాత వారానికి నీళ్లలో కుళ్లిపోయింది. అప్పటినుంచి ఎవరు విత్తడం గురించి అడిగినా ముందు ఫోన్ తీస్తాను, తర్వాతే నోరు తెరుస్తాను.

పచ్చి కుప్ప

27, 28 తేదీల్లో రెండెకరాలు కోశారు. పనలు చేలో ఆరుతున్నాయి. మామూలుగా నాలుగైదు రోజులు ఎండాక కట్టలు కట్టి కుప్ప వేస్తారు. 30వ తేదీకల్లా బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడబోతోందని వార్త వచ్చింది. కోస్తాకు భారీ వానలని హెచ్చరిక. ఊరంతా టెన్షన్. కోత మిషన్ల కోసం ఒకరి మీద ఒకరు పోటీ.

బాబాయ్ ముందు రెండు ప్రశ్నలున్నాయి. కోసిన రెండెకరాల పనలు సగమే ఎండాయి, వాటినేం చేయాలి? కోయని మూడెకరాల్లో ఇంకా వారం పంట ఉంది, దాన్నేం చేయాలి?

రెండోదానికి జవాబు తేలిగ్గానే దొరికింది. గింజ గట్టిపడని చేను హడావిడిగా మిషన్‌తో కోస్తే పచ్చి గింజ రాశిలో వేడెక్కి పాడవుతుంది, ఆరబోయడానికి ఎండా ఉండదు. నిలబడి ఉన్న కంకి కన్నా నేల మీద పడుకున్న పన ఎక్కువ తడుస్తుంది. నీళ్లు బయటకు పోయే దారులు తెరిచి, కోయకుండా వదిలేయమన్నాను. సరేనన్నాడు.

మొదటి ప్రశ్న దగ్గరే గొడవ. సగం ఎండినా సరే, వెంటనే కుప్ప వేయమన్నాను. ఆయన ముఖం మారిపోయింది. "పచ్చి పన కుప్పేస్తారా ఎవరైనా? లోపల ఉడికి గింజ ఎర్రబడద్ది. రేపు ఆ కుప్ప నూరిస్తే ఊరంతా చూస్తది. నలభై ఏళ్లలో నా కుప్పలో రంగు గింజ చూసినోడు లేడు." నేను తేమ శాతాల గురించి చెప్పాను. పనలు మూడు రోజులు నీళ్లలో నానితే మొలకెత్తుతాయని చెప్పాను. ఆయన వినలేదు. వానలో తడిస్తే అది దేవుడి పని, పచ్చి కుప్ప వేస్తే అది తన పని. ఆయన మనసులో లెక్క అదని నాకు అప్పుడు అర్థం కాలేదు. మొండితనం అనుకుని విసుక్కుని వచ్చేశాను.

సాయంత్రం మళ్లీ వెళ్లాను. ఈసారి కుప్ప వేయమని చెప్పలేదు. అడిగాను: "బాబాయ్, పన సగం పచ్చిగా ఉన్నా లోపల ఉడక్కుండా కుప్ప వేయడం ఎవరికైనా వచ్చా?" ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా నాన్న ఒకసారి వేశాడు" అన్నాడు. "వెడల్పు తగ్గించాలి. ఒకటి వేసేచోట మూడు చిన్నవి వెయ్యాలి. మధ్యలో గాలాడాలి." అప్పుడు నా వంతు మాట చెప్పాను: వరుస వరుసకూ రాళ్ల ఉప్పు చల్లండి, ఎకరా పనలకు పాతిక కిలోల దాకా పడుతుంది, ఉప్పు ఉంటే గింజ తేమను పీల్చుకుని మొలకెత్తడం తగ్గుతుంది. ఆయన తల ఊపాడు.

డిసెంబరు 1, 2 తేదీల్లో ఆయన, పిన్ని, ఆరుగురు కూలీలు కలిసి మెరక మీదున్న కళ్లంలో మూడు కుప్పలు వేశారు. అడుగున తాటి దుంగలు, వాటి మీద తాటాకు, పాత గడ్డి. కంకులు లోపలికి, మొదళ్లు బయటికి. ప్రతి వరుసా బయటికి కొంచెం వాలుగా ఉండేట్టు పేర్చాడు, పడిన నీటి చుక్క మొదళ్ల మీదుగా జారిపోవాలని. మధ్యలో నిలువునా ఒక వెదురుబొంగు పెట్టి, కుప్ప పైకి వచ్చే కొద్దీ దాన్ని పైకి లాగుతూ గాలికి గొట్టంలా సందు చేశాడు. చివర్న దాని నోటికి గడ్డి టోపీ పెట్టి బరకం (టార్పాలిన్) కప్పి, నులక తాళ్లతో నాలుగు వైపులా బిగించాడు. నేను వ్యవసాయ డిప్లొమా చదివాను. ఆ వెదురుబొంగు పని నాకు ఏ పాఠంలోనూ కనపడలేదు. ఆ రెండు రోజులూ ఆయన ముఖంలో భయం లేదు. తనకే తెలిసిన పని చేస్తున్న మనిషి ముఖం అది.

మిచౌంగ్

డిసెంబరు 5 మధ్యాహ్నం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలి. మాకు వాన 3వ తేదీ నుంచే మొదలైంది. 6 ఉదయం నేను ఊళ్లోకి వెళ్లేసరికి చేలు చెరువుల్లా ఉన్నాయి. కోసి పనల మీద ఉన్న పంట నీళ్లలో తేలుతోంది. ఎవరి చేను ఎవరిదో గట్లు కనపడితే కదా.

బాబాయ్ కౌలు చేలో సాంబ పడిపోయి చాప పరిచినట్టు ఉంది. ఆయన నడుం లోతు మురుగు బోదెలో నిలబడి, అడ్డుపడిన గుర్రపుడెక్క లాగుతున్నాడు. అక్టోబరులో తవ్విన బోదె అప్పుడు పనికొచ్చింది. రెండో రోజు సాయంత్రానికి ఆయన చేలో నీళ్లు మడమలకు దిగాయి. అదే కాలువ మీద పైన ఉన్న చేలల్లో నాలుగైదు రోజులు నిలిచాయి.

నీళ్లు దిగగానే రెండు పనులు చెప్పాను. పడిన దుబ్బుల్ని నాలుగైదు కలిపి కట్టి నిలబెట్టడం, కంకుల మీద ఐదు శాతం ఉప్పు ద్రావణం కొట్టడం. లీటరు నీటికి 50 గ్రాములు, ఎకరానికి 200 లీటర్లు, అంటే ఎకరానికి పది కిలోల ఉప్పు. మూడెకరాలకు 30 కిలోలు మా ఊరి కొట్లోనే దొరికింది. కట్టలు కట్టడానికి కూలీలు దొరకలేదు. ఆయనా పిన్నీ మూడు రోజులు వంగి దాదాపు ఎకరం నిలబెట్టారు. మిగతా రెండెకరాల్లో ఉప్పు నీళ్లే. కట్టిన ఎకరంలో మొలకలు చాలా తక్కువ. కట్టని చోట, కంకి నేలకు ఆనిన చోటల్లా పచ్చని మొలకలు కనపడ్డాయి. ఉప్పు పనిచేస్తుంది, కానీ కంకి నీళ్లలో ఉండగా కొట్టి ప్రయోజనం లేదని నేను రాసుకున్నాను.

ఆరబోత

డిసెంబరు 14న చైన్ మిషన్‌తో (బురదలోనూ నడిచే కోత మిషన్) మూడెకరాలు కోశారు. రాశిలో నా మీటరు 24 శాతం చూపించింది. మద్దతు ధరకు తీసుకోవాలంటే తేమ 17 దాటకూడదు. చెడిన, రంగు మారిన, మొలకెత్తిన గింజలు ఐదు శాతంలోపు ఉండాలి. ఆ ఏడు గ్రేడ్ ఏ ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,203 రూపాయలు, అంటే బస్తాకు సుమారు 1,652.

అదే రోజు ఒక వ్యాపారి కళ్లం దగ్గరికే లారీ తెచ్చాడు. తడి ధాన్యం, ఉన్నది ఉన్నట్టు, బస్తాకు 1,300. ఊళ్లో చాలామంది ఇచ్చేశారు, వాళ్లను నేను తప్పుపట్టను. ఎండ ఉంటుందో లేదో తెలియదు, అప్పుల వాళ్లు ఇంటి ముందున్నారు. లెక్క మాత్రం వాళ్లకు చెప్పాను: 24 శాతం తేమతో ఉన్న వంద కిలోలు 17కు ఆరితే సుమారు 91 కిలోలన్నర అవుతాయి. ఎనిమిదిన్నర కిలోలు నీళ్లే. అది తీసేసినా ఎండిన ధాన్యానికి మద్దతు ధర ప్రకారం వచ్చేది ఎక్కువే. బాబాయ్‌కి ఆ లెక్క అక్కర్లేదు. "తడి ధాన్యం అమ్ముకునే గతి పట్టలేదింకా" అని లారీని పంపేశాడు.

డొంక రోడ్డు మీద బరకాలు పరిచి పల్చగా పోశారు. గంటకోసారి కాళ్లతో చాళ్లు చేస్తూ తిరగేశారు. నడి ఎండలో కాసేపు పోగుచేసి కప్పేవాడు. మరీ వేడికి గింజ లోపల పగిలితే మిల్లులో నూక అవుతుందని. సాయంత్రం మంచు పడకముందే మళ్లీ రాశి, మళ్లీ బరకం. నాలుగో రోజు మధ్యాహ్నం మీటరు 17.0 చూపించింది. "అయిపోయింది బాబాయ్, ఇంకా ఆరబెడితే బరువు పోద్ది" అన్నాను. ఆయన గింజ కొరికి, "ఇది ఇంకా టక్కుమనట్లా" అన్నాడు. ఇంకో పూట ఎండబెట్టాడు. ఆ పూటకు 15.8 వచ్చింది. బస్తాకు కిలో పైగా బరువు తగ్గింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

రెండు రోజుల తర్వాత ధాన్యం చేరిన మిల్లులో వేరే మీటరు పెట్టారు. మా ఊరి నుంచి 17.0 దగ్గర పంపిన బస్తాలన్నీ అక్కడ 18 పైన చూపించాయి. బరువులో కోత పెడతామన్నారు, కాదంటే వెనక్కి తీసుకుపొమ్మన్నారు. వాళ్లతో నేను పోట్లాడాను, కొంతవరకే ఫలితం వచ్చింది. బాబాయ్ ధాన్యం అక్కడ 16.9 చూపించింది. ఒక్క బస్తా వెనక్కి రాలేదు. ఆయన పన్నుకి రెండు మీటర్ల మధ్య తేడా తెలిసి ఉండకపోవచ్చు. తన ధాన్యాన్ని అంచు మీద నిలబెట్టడం మాత్రం ఆయనకు ఇష్టం లేదు. అప్పటినుంచి నేను రైతులకు 17 అని చెప్పడం మానేశాను. 16కి తెచ్చి పంపమంటున్నాను.

నేను అడగని సంతకం

మూడెకరాల్లో వచ్చింది 78 బస్తాలు. మామూలు ఏడాది నూట ఐదు దాకా వచ్చే నేల. కౌలు లెక్క 60. నేల యజమాని పరిస్థితి చూసి ఎకరానికి మూడు తగ్గించాడు. 51 పోను మిగిలింది 27. మద్దతు ధర లెక్కన అది 45 వేలకు కొంచెం తక్కువ. మూడెకరాలకు ఆయన పెట్టిన పెట్టుబడి సుమారు 84 వేలు.

పంట నష్టం జాబితా రాసేటప్పుడు ఆ మూడెకరాలకు బాబాయ్ పేరు ఎక్కించలేకపోయాను. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం పదకొండు నెలల ఒప్పందం రాసుకుంటే కౌలు రైతుకు సాగుదారు హక్కు పత్రం వస్తుంది. అప్పట్లో దానికి యజమాని సంతకం కావాలి. బాబాయ్ ఏనాడూ అడగలేదు. "పాతికేళ్లుగా మాట మీద చేస్తన్నా. ఇప్పుడు కాయితం అడిగితే నమ్మకం లేదన్నట్టే గదా." ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వ పంట నమోదులో, ఆ నేల యజమాని పేరు మీదే ఉంది. ఆగస్టులో నమోదు చేసినప్పుడు నేనే ఇంటికి వెళ్లి ఇద్దరినీ కూర్చోబెట్టి ఉండాల్సింది. ఆయన మొహమాటం నాకు తెలుసు. పని ఒత్తిడిలో వదిలేశాను. కుప్ప దగ్గర ఆయన గర్వాన్ని ఎలా పలకరించాలో నేర్చుకున్నదాన్ని, ఇక్కడ కూడా అదే తెలివి నాలుగు నెలల ముందు ఉపయోగించాల్సింది.

సొంత చేలో కుళ్లిన మినుముల గురించి అడిగితే, "పోయినయ్యి పోయినయ్యి" అన్నాడంతే. డిసెంబరు 20కి నేల కాస్త ఆరాక కోసిన వరి దుబ్బుల మధ్య దారం పట్టి, గుంటలు చేసి మొక్కజొన్న వేశారు.

కుప్ప విప్పిన రోజు

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు కుప్పలు నూర్చారు. ఆరోజు నేను సెలవు పెట్టి వెళ్లాను. మొదటి కుప్ప బరకం తీయగానే పులిసిన వాసన వస్తుందేమోనని భయపడ్డాను. ఎండు గడ్డి వాసన వచ్చింది. పై రెండు వరుసల్లో గింజ కొంచెం ఎర్రబడింది. వెదురుబొంగు సందు చుట్టూ గింజ బంగారంలా ఉంది. బాబాయ్ చెయ్యి లోపలికి మోచేతి దాకా పెట్టి, కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉన్నాడు. "చల్లగా ఉంది" అన్నాడు. పిన్ని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

రెండెకరాలకు 66 బస్తాలు. రంగు మారినవి ఐదు. వాటిని ఆయన మంచి ధాన్యంలో కలపనివ్వలేదు. ఐదు శాతం లోపు కలిపినా తీసుకుంటారని నేను చెప్పాను. విడిగా సంచుల్లో పోసి, కోళ్లకని పక్కన పెట్టాడు. 14 ఇంటికి, రెండు విత్తనానికి, ఐదు కూలీలకు. మిగిలిన 40 పండగ వెళ్లాక బస్తా 1,850 చొప్పున బయట అమ్మాడు. మంచి సాంబ కోసం ఆ ఏడు కొనేవాళ్లే వెతుక్కుంటూ వచ్చారు.

నూర్పిడికి ముందే మూడో కుప్ప నుంచి పొడుగైన కంకులు ఏరి, పిన్ని రెండు కుచ్చులు అల్లింది. ఒకటి రామాలయం చూరుకు కట్టారు, పిచ్చుకలకు. రెండోది నాకిచ్చారు. అది మా సెంటర్ గుమ్మానికి కట్టాను. నష్టం లెక్కల కోసం వచ్చిన వాళ్లందరూ దాని కిందనుంచే లోపలికి వచ్చారు.

2024 జూన్ మొదటి వారంలో బాబాయ్ తడి గోనె ముక్క చుట్ట చుట్టి తెచ్చాడు. అందులో వంద గింజలు. "లెక్కపెట్టమ్మాయ్" అన్నాడు. విత్తనానికి మొలక ఎనభై శాతం ఉండాలి. నేను రెండుసార్లు లెక్కపెట్టాను, 93. ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. కౌలు ఒప్పందం. కింద యజమాని సంతకం ఉంది.

"ఎట్టా అడిగావు బాబాయ్?"

"అడగలా. మొన్న కుప్పలో గింజ చూపించడానికి ఆయనింటికి పట్టుకెళ్లా. కొరికి చూసి, ఈ మూడెకరాలు కూడా నీ చేతిలోనే ఉండాలి, కాయితం ఏదన్నా ఉంటే తే, సంతకం పెడతానన్నాడు." పెన్ను నా వైపు జరిపాడు. "సర్వే నంబర్లు నువ్వు రాయమ్మాయ్. నాకు కళ్లజోడు లేదు."